పిల్లల జీవితగాథల్లో రాజకీయ మహిళలు: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

రాజకీయాల్లో నిలబడిన ఆడవాళ్ల గురించీ, ఆడవాళ్ల ఓటు కోసం పాటుపడినవాళ్ల గురించీ పిల్లలకు చెప్పే జీవితకథలు తెలుగులో ఒక ప్రత్యేక శాఖగా పెద్దగా గుర్తింపు పొందలేదు. అయినా ఆ కథలు చాలాకాలంగా ఉన్నాయి. కొన్ని అచ్చులో, కొన్ని పాటలో, కొన్ని జాతరలో. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, వాటికి ఓ విశేషం ఉంది. ఇక్కడి గుంటలు చిన్నప్పటి నుంచీ వినే ధీరవనితల కథలు దాదాపుగా మరణంతో ముగుస్తాయి. బతికి, ఓటేసి, పోటీచేసి, గెలిచి, ఓడి, కుర్చీలో కూర్చుని పనిచేసిన ఆడవాళ్ల కథలు వాటి పక్కన ఇంకా పలచగానే ఉన్నాయి. ఈ వ్యాసం ఆ రెండు రకాల కథలనూ కలిపి చూస్తుంది.

ప్రాంతం గురించి ఒక మాట. స్వాతంత్ర్యానికి ముందు ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం వైపు గంజాం జిల్లాలో, విజయనగరం వైపు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో రెండింటి ఏజెన్సీ భాగాలతో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జీవితకథల విషయంలో మూడింటినీ ఒకటిగానే చూడాలి.

1757 నాటి ఇద్దరు

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు బలగం ఒకవైపు. బొబ్బిలి కోట ఒకవైపు. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలు శత్రువుల చేతికి చిక్కకుండా ప్రాణాలు వదిలారన్నది అందరూ చెప్పే కథ. రాణి మల్లమ్మ ఆ కథకు గుండెకాయ. జంగంకథగా, బుర్రకథగా, ఆ తర్వాత 1964లో భానుమతి మల్లమ్మగా నటించిన సినిమాగా ఆమె ఇంటింటికీ చేరింది. మల్లమ్మ పేరు తెలియని పిల్లలు బొబ్బిలి చుట్టుపక్కల ఉండరు. కానీ ఆ పేరుతో పాటు వాళ్లకు అందేది ఒకే ఒక్క దృశ్యం: మంటలు, కత్తి, ఆఖరి మాట. ఆమె సంస్థానపు వ్యవహారాల్లో ఏం ఆలోచించింది, ఏం సలహా చెప్పింది అన్నది కథలో పక్కకుపోతుంది.

అదే యుద్ధానికి అవతలి ఒడ్డున మరో స్త్రీ ఉంది. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ. బొబ్బిలి మీదికి వెళ్లొద్దని అన్నను వారించిందనీ, బొబ్బిలి పక్షపు తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న చనిపోయిన కబురు విని కూలిపోయిందనీ, తర్వాత పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ ఐతిహ్యం. ఆమే పైడితల్లి అమ్మవారు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం నాడు సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను, దాని కొసన కట్టిన ఆసనంలో పూజారి. విజయనగరంలో మూడులాంతర్ల నుంచి కోటదాకా మాను మూడుసార్లు తిరుగుతుంటే అరటిపళ్లు ఎగురుతాయి. తండ్రి భుజాల మీద కూర్చుని తలెత్తి చూసే పిల్లకు ఆ వేళ అమ్మమ్మ చెప్పే కథ ఇదే. జాగ్రత్తగా వింటే అది ఒక రాజకీయ కథ. యుద్ధం వద్దని రాజుకు ఎదురుగా చెప్పిన ఆడదాని కథ. భక్తి ఆమెను దేవతను చేసింది. ఆమె చెప్పిన సలహా మాత్రం కథలో ఒక్క వాక్యంగానే మిగిలింది. పిల్లల కోసం పైడిమాంబను తిరిగి రాసేవాళ్లు ఆ ఒక్క వాక్యాన్నే పెంచి రాయాలని నా అభిప్రాయం.

ఇదే ఊళ్లో గురజాడ అప్పారావు రాసిన కథాగేయాల్లోని అమ్మాయిలూ అంతే. బడిలో పిల్లలు చదువుకునే పూర్ణమ్మ కొలనులో కలిసిపోతుంది. తనను చెరపట్టబోయిన రాజును నిలదీసి కన్యక అగ్నిలో దూకుతుంది. విజయనగరం రాజు ఆనందగజపతి అనంతరం ఆయన సోదరి, రీవా మహారాణి అప్పలకొండమాంబ దగ్గర గురజాడ వ్యవహారాలు చూశారు. అంటే ఆస్తిపాస్తులు, దావాలు, దస్తావేజులు నడిపిన స్త్రీ ఒకరు ఆయన కళ్లెదుటే ఉన్నారు. పిల్లలకు అందిన గేయాల్లోకి మాత్రం పూర్ణమ్మ, కన్యక వచ్చారు. ఇది గురజాడ మీద ఫిర్యాదు కాదు. ఆనాటి ఆడపిల్లల బతుకు అలాంటిది, ఆయన దాన్ని దాచకుండా చూపించారు.

అచ్చులోకి వచ్చిన జీవితాలు

తెలుగులో స్త్రీల జీవితచరిత్రలను పుస్తకంగా కూర్చిన తొలి రచయిత్రి భండారు అచ్చమాంబ (1874–1905). ఆమె బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన ఇంట ఉండి చదువుకుంటున్నప్పుడు, పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదలుపెట్టింది. తొలి భాగం 1901లో వచ్చింది. ఆడవాళ్లు అబలలు కారని, చదివితే చెడిపోరని, రాజ్యాలు కూడా నడిపారని చూపడం ఆమె ఉద్దేశం. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ముప్పై యేళ్లు దాటగానే చనిపోయింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పిల్లల పుస్తకం కాదు. కానీ ఆ తర్వాత వచ్చిన వీరవనితల సంపుటాలన్నిటికీ దారి వేసింది. లక్ష్మణరావు పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి తన తొలి పుస్తకంగా 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను వేసింది. తెలుగువాళ్లకు జీవితచరిత్ర అంటే దేశాన్ని నడిపినవాళ్ల కథ అన్న అభిరుచి ఆ కాలంలోనే స్థిరపడింది.

పిల్లల కోసమే అంటూ పత్రికలు గట్టిగా నిలిచింది 1940లలో. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లో, 'చందమామ' 1947లో మొదలయ్యాయి. 1957లో నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, 1967లో అమర చిత్ర కథ. ఇవి దేశమంతటికీ ఉమ్మడిగా కొందరు స్త్రీలను ఇచ్చాయి: ఝాన్సీ లక్ష్మీబాయి, సరోజినీ నాయుడు వంటివాళ్లను. ఇందువల్ల మేలూ జరిగింది, లోపమూ మిగిలింది. టెక్కలిలోనో చీపురుపల్లిలోనో బడి గ్రంథాలయంలో కూర్చున్న పిల్లకు ఝాన్సీ రాణి గుర్రం పేరు తెలుసు. తన ప్రాంతంలో కాల్పుల్లో పడిపోయిన స్త్రీ పేరు పుస్తకంలో ఎదురుపడడం అరుదు.

ఓటు కథ

ఓటు హక్కు పోరాటం పిల్లలకు చెప్పడం కష్టం. అందులో గుర్రం లేదు, కత్తి లేదు. వినతిపత్రాలు, సభలు, జాబితాలు ఉన్నాయి. అయినా కథ బాగుంది. 1917 మే నెలలో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. మార్గరెట్ కజిన్స్, డోరతీ జినరాజదాస, అనీబిసెంట్ దాని వెనక ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం ఆ ఏడాది డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి మగవాళ్లతో సమానంగా ఓటు అడిగింది. 1919 భారత ప్రభుత్వ చట్టం అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఏ రాష్ట్రపు శాసనమండలికి ఆ రాష్ట్రం తేల్చుకోమంది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ముందుగా తేల్చింది మద్రాసు, 1921లో. అంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం గడ్డ మీది ఆడవాళ్లకూ అప్పుడే ఓటు వచ్చింది. కానీ ఆస్తి ఉన్నవాళ్లకే. పన్ను కట్టే పేరు ఎవరిదో ఓటూ వాళ్లదే. పొలంలో నాట్లు వేసే చేతికి అది రాలేదు. 1927లో ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి ఉపాధ్యక్షురాలైంది. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో రుక్మిణీ లక్ష్మీపతి మంత్రి అయింది.

వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది రాజ్యాంగంతో. 1951–52 తొలి సాధారణ ఎన్నికల కోసం జాబితాలు రాస్తున్నప్పుడు జరిగిన ఒక సంగతిని పిల్లలకు తప్పక చెప్పాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు రాయడానికి వచ్చినవాడికి తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి పెళ్లాన్ని, ఫలానావాడి తల్లిని అన్నారు. పేరు లేనిదే ఓటు లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలోంచి పోయారు. దీన్ని ఐదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి. "మరి వాళ్లకి పేరు లేదేటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర ఆగి, ఇంటికెళ్లి మీ నాయనమ్మ పేరు అడిగి రండి అంటే, ఓటు హక్కు పాఠం ఆ సాయంత్రమే మొదలవుతుంది. మన ఇళ్లలో ఆమె అప్పుడూ ఇప్పుడూ నాయనమ్మే. అప్పలనర్సమ్మ అనో రాములమ్మ అనో ఆమెకొక పేరుందని మనవరాలికి ఓటరు కార్డు చెబుతుంది.

దుర్గాబాయి: ఒక సంఘటన, మిగతా జీవితం

తెలుగు పిల్లలకు రాజకీయ మహిళగా అందరికన్నా ఎక్కువ పరిచయమైన వ్యక్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981). రాజమండ్రిలో పుట్టింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వదలలేదు. టిక్కెట్టు కొన్నాకే పంపింది. ఆమె గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ముందుగా వచ్చేది ఈ సంఘటనే. రావడంలో తప్పు లేదు. పద్నాలుగేళ్ల పిల్ల, పెద్ద నాయకుడు, మధ్యలో ఒక నియమం. బొమ్మ వేయడానికీ, ఏకపాత్రాభినయానికీ అనువైన కథ.

కానీ కథ అక్కడే ఆగితే దుర్గాబాయి ఎప్పటికీ పద్నాలుగేళ్ల పిల్లగానే మిగులుతుంది. ఎనిమిదేళ్లకే తనకు చేసిన పెళ్లిని ఊహ తెలిశాక కాదనుకున్న సంగతి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చి అప్పుడు మెట్రిక్ చదివిన సంగతి కూడా పిల్లలకు చెప్పదగ్గవే. ఉత్తరాంధ్ర పిల్లలకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటుంది. ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరడానికి విశాఖ వస్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదు, సీటు ఇవ్వలేమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, తనలాగే హాస్టలు లేక చదువు ఆగిన అమ్మాయిలను కూడగట్టి, వాళ్లతో కలిసి హాస్టలు నడిపి, సీటు సంపాదించింది. ఇవాళ పలాస నుంచి, పార్వతీపురం నుంచి రైలెక్కి విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకునే ఏ అమ్మాయికైనా టిక్కెట్టు కథకన్నా ఈ కథ ఎక్కువ పట్టుకుంటుంది.

రాజ్యాంగ సభలోని పదిహేనుమంది స్త్రీలలో ఆమె ఒకరు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని ముసాయిదాలో ఉంటే 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది. ఇవాళ రాజ్యాంగంలో ఉన్నది 30. రాజ్యాంగంలో వేలుపెట్టి చూపించగలిగిన అంకె ఇది. బాలల జీవితచరిత్రకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. ఓడాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. పిల్లల పుస్తకాలు ఓటమిని దాచకూడదు. ఓట్లు వేసే దేశంలో ఓటమి మామూలు సంగతని పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి.

వీర గున్నమ్మ

ఉత్తరాంధ్ర సొంత నాయికల్లో పిల్లల కోసం ఎక్కువగా చెప్పాల్సిన పేరు సాసుమాన గున్నమ్మ. మందస జమీందారీలోని గుడారి రాజమణిపురం ఆమె ఊరు. జమీందారీ అడవిలో కర్ర కొట్టుకోవడానికి, వంటచెరకు తెచ్చుకోవడానికి రైతులకు అనుమతి లేదు. నాగలికి కర్ర, ఇంటికి వాసం, పొయ్యికి పుల్ల, అన్నీ అడవిలోనివే. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వేడిలో మందస రైతులు బళ్లు కట్టుకుని అడవికి వెళ్లి కర్ర తెచ్చుకున్నారు. పోలీసులు వచ్చి ఊళ్లో రైతులను పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్లను వదలమని జనం అడ్డుపడ్డారు. ముందు నిలబడింది గున్నమ్మ. అప్పుడామె గర్భిణి. 1940 ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ఆమె, ఆమెతోపాటు మరికొందరు రైతులు చనిపోయారు. ఊరు ఆమెను వీర గున్నమ్మ అని పిలుచుకుంది, స్మారకం కట్టుకుంది.

ఈ కథ చెప్పేటప్పుడు మల్లమ్మ కథలాగే తూటా దగ్గరికి పరుగెత్తాలనిపిస్తుంది. పరుగెత్తకూడదు. పిల్లలకు ముందు చూపాల్సింది కర్ర. ఒక నాగలి ముందు పెట్టి, ఇందులో ఏ ముక్క అడవి నుంచి వచ్చింది అని అడిగితే గున్నమ్మ ఎందుకు లేచిందో అర్థమవుతుంది. ఆమెకు ఓటు ఉండే వీలు దాదాపుగా లేదు. ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు ఉన్న రోజులవి. తన తరఫున మాట్లాడే శాసనసభ్యుణ్ని ఎన్నుకోలేని స్త్రీ, పోలీసులకు అడ్డంగా నిలబడింది. ఓటు హక్కు పాఠానికీ గున్నమ్మ కథకూ ఉన్న ఈ ముడిని విప్పి చెప్పగలిగితే, రెండూ కలిసి ఒక పుస్తకమవుతాయి. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి.

1960ల చివర వచ్చిన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం ఎన్నికలనే కాదన్నది. బొడ్డపాడు వైపు నుంచి ఆ దారిలో వెళ్లిన పంచాది నిర్మల 1969 డిసెంబరులో చనిపోయింది. ఓటును వద్దనుకున్నవాళ్ల కథను చిన్నపిల్లలకు ఎలా చెప్పాలన్నది తేలిక ప్రశ్న కాదు. హైస్కూలు వయసు వచ్చాక, ఆ రోజుల్లో గిరిజనుల భూమి, అప్పు, షావుకారు వడ్డీ సంగతులతో కలిపి చెప్పడం మేలు.

కుర్చీలో కూర్చున్నవాళ్లు

1999 నుంచి 2004 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకరు కావలి ప్రతిభా భారతి. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ. శ్రీకాకుళం జిల్లావాసి, దళిత కుటుంబం. ఎచ్చెర్ల నియోజకవర్గం నుంచి సభకు వచ్చారు. 1983లో తెలుగుదేశం పార్టీ మొదటి ఎన్నికల్లోనే గెలిచి మంత్రిగానూ పనిచేశారు. తండ్రి జస్టిస్ పున్నయ్య హైకోర్టు న్యాయమూర్తి. ఎస్సీ, ఎస్టీలపై వివక్షను విచారించిన కమిషన్‌ను జనం ఆయన పేరుతోనే పున్నయ్య కమిషన్ అంటారు.

పిల్లల రచయితకు ఈ జీవితంలో మంచి దృశ్యం దొరుకుతుంది. అప్పట్లో 294 మంది ఉన్న సభ. ముఖ్యమంత్రి మాట్లాడాలన్నా, ప్రతిపక్ష నాయకుడు మాట్లాడాలన్నా ఎత్తైన కుర్చీవైపు తిరిగి "అధ్యక్షా" అనాలి. ఆ అధ్యక్షా అన్న పిలుపు ఐదేళ్లపాటు ఎచ్చెర్ల నుంచి వచ్చిన ఒక స్త్రీని ఉద్దేశించింది. తెలుగులో ఆ పదం మగా ఆడా అన్న తేడా లేకుండానే పలికింది. బళ్లో పిల్లలు మాక్ అసెంబ్లీ ఆడుతుంటారు కదా, ఎవరు స్పీకరు అన్నప్పుడు ఈ పేరు గుర్తు చేస్తే చాలు.

తర్వాతివాళ్ల వరుస పెద్దదే. టెక్కలి వైపు డాక్టరుగా పేరున్న కిల్లి కృపారాణి 2009లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో సిట్టింగ్ ఎంపీ ఎర్రన్నాయుడిపై గెలిచి, 2012లో కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. బొత్స ఝాన్సీలక్ష్మి విజయనగరం జిల్లా పరిషత్తు అధ్యక్షురాలిగా చేసి, 2006లో బొబ్బిలి నుంచి, 2009లో విజయనగరం నుంచి లోక్‌సభకు వెళ్లారు. కురుపాం నుంచి పాముల పుష్పశ్రీవాణి 2014, 2019లలో గెలిచి, 2019లో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2024లో సాలూరు నుంచి గుమ్మిడి సంధ్యారాణి గెలిచి మంత్రి అయ్యారు. అదే ఎన్నికల్లో పలాసలో గౌతు శిరీష, విజయనగరంలో పూసపాటి అదితి విజయలక్ష్మి, నెల్లిమర్లలో లోకం నాగమాధవి, కురుపాంలో తోయక జగదీశ్వరి గెలిచారు. వీళ్లలో కొందరు రాజకీయ కుటుంబాలవాళ్లు, కొందరు గిరిజన ప్రాంతాలవాళ్లు, పార్టీలు వేరువేరు. ఇప్పుడు పదవుల్లో ఉన్నవాళ్ల మీద పిల్లల పుస్తకం రాసేటప్పుడు ఒక పట్టింపు అవసరం: అది ఎన్నికల కరపత్రం కాకూడదు. ఏ ఏడు గెలిచారు, ఏ ఏడు ఓడారు, ఏ శాఖ చూశారు, ఆ శాఖ ఏం చేస్తుంది, ఇంతవరకు చెబితే పిల్లలు మిగతాది పెద్దయ్యాక తేల్చుకుంటారు.

పాఠం కదిలించిన సందర్భం

జీవితకథ చదివితే ఏమవుతుందన్న సందేహానికి తెలుగునేల మీదే జవాబు ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరదీపం రాత్రిబడుల్లో 'సీతమ్మ కథ' అన్న పాఠం ఉండేది. సారాకు కుటుంబాలు నాశనమైన ఊళ్లో ఆడవాళ్లు కలిసి దుకాణం మూయించిన కథ. చదువు నేర్చుకుంటున్న స్త్రీలు ఆ పాఠం చదివి, ఇది మన ఊరి కథే కదా అనుకున్నారు. 1992లో దూబగుంట నుంచి రోశమ్మ వంటివాళ్లు కదిలాక సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. ఆ పాఠంలో రాణులు లేరు. చదివేవాళ్లలాంటి ఆడవాళ్లే ఉన్నారు.

పంచాయతీ ఆఫీసు గోడ

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు. 2013 పంచాయతీ ఎన్నికలనాటికి రాష్ట్రంలో అది సగమైంది. చట్టసభల్లో మూడో వంతు ఇవ్వడానికి 2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ సవరణ చేసింది. అంటే రాజకీయ మహిళ కోసం పిల్లలు ఢిల్లీదాకా చూడనక్కర్లేదు. వాళ్ల ఊళ్లోనే ఉంటుంది.

చాలా పంచాయతీ ఆఫీసుల్లో గోడ మీద సర్పంచుల పేర్ల పట్టిక ఉంటుంది. వరుస సంఖ్య, పేరు, నుంచి, వరకు. 1995కు ముందు వరసలన్నీ మగపేర్లే కావడం మామూలు. తర్వాత మధ్యమధ్య ఒక అమ్మ. ఆ పట్టికలో రాయనిది ఊళ్లో అందరికీ తెలుసు: కొన్ని చోట్ల సంతకం ఆమెది, వ్యవహారం భర్తది. కొన్ని చోట్ల మొదటి ఏడాది భర్త వెనక కూర్చున్న మనిషే, మూడో ఏడాదికి ఎంపీడీఓ ఆఫీసుకు తనే ఫైలు పట్టుకుని వెళ్లింది. ఆ మొదటి ఏడాదికీ మూడో ఏడాదికీ మధ్య జరిగిందే జీవితచరిత్ర. దాన్ని రాయడానికి పరిశోధకులు అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లలు నోటుబుక్కు పట్టుకుని వెళ్లి, ఆ అమ్మ ఎదురుగా కూర్చుని, మొదటి గ్రామసభ రోజున ఏ చీర కట్టుకున్నారు, ఎవరు ముందు మాట్లాడారు, మీరు ఏమన్నారు అని అడిగి రాసుకోవచ్చు. మొదటి పేజీలో మొదటి గీత మీద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, ఆమె చెప్పినట్టే.